పోలి కిందికి చూసిన ఏడు

మా అత్తగారి పేరు చిన్నమ్మాయి. ఎనభై దగ్గర పడుతున్నా ఊరంతా ఆవిణ్ణి చిన్నమ్మాయిగారనే పిలుస్తుంది. ఒకప్పుడు కొత్తగా వచ్చిన కొరియర్ కుర్రాడొకడు పార్సిల్ మీద ఆ పేరు చూసి, "మీరేనాండి చిన్నమ్మాయిగారు?" అని నాకు ఇవ్వబోయాడు. "దానికంత లేదులే, ఇటివ్వు" అంటూ లోపలి నించి వచ్చి ఆవిడే అందుకున్నారు. నాకు అప్పటికే జుట్టు నెరుస్తోంది. ఆవిడ దృష్టిలో మాత్రం నేను ఏ పేరుకీ సరిపోయేదాన్ని కాదు.

అదలా ఉంచితే, కథ చెప్పడంలో ఆవిణ్ణి మించినవాళ్లు మా చుట్టుపక్కల లేరు. చిన్నమ్మాయిగారు కథ చెబుతుంటే గోదావరి కూడా ఆగి వింటుందని మా ఊళ్లో అంటారు. గోదావరి ఆగడం నేనెప్పుడూ చూడలేదు. ఆడవాళ్లు మాత్రం చలిలో, తడి చీరలతో, మెట్ల మీద కదలకుండా కూర్చుని వినేవారు.

కార్తీకం వెళ్లిన మర్నాడు పోలి పాడ్యమి. ఆ రోజు తెల్లవారకముందే మేమంతా వశిష్ఠ గోదావరి రేవుకి వెళ్తాం. అరటి దొప్పల్లో నెల్లాళ్ల దీపాలూ కలిపి ఒకేసారి వెలిగించి నీళ్ల మీద వదులుతాం. అవి మంచులోకి వెళ్లి కనపడకుండా పోయాక, గుప్పిట్లో అక్షింతలు పట్టుకుని పోలి కథ వింటాం. కథ అయ్యాకే ఆ అక్షింతలు నెత్తిన వేసుకోవాలి. అది పూర్తయ్యేదాకా గుప్పిట విప్పకూడదు. మధ్యలో ముక్కు దురద పెడితే ఎడమ చెయ్యి వాడుకోవాలి తప్ప వేరే దారి లేదు.

కథ అందరికీ తెలిసిందే. పోలి ఒక ఇంటికి చిన్నకోడలు. అత్త మిగతా కోడళ్లందరినీ కార్తీక స్నానానికి తీసుకెళ్తుంది, పోలిని మాత్రం ఇంటి చాకిరీకి వదిలేస్తుంది. దీపం పెట్టుకుంటుందేమోనని దూదీ, వెన్నా, నిప్పూ దాచేసి మరీ వెళ్తుంది. పోలి పెరట్లో రాలిన పత్తి ఏరుకుని వత్తి చేస్తుంది. కవ్వానికి అంటిన వెన్న గీకుతుంది. పొయ్యి బూడిదలో మిగిలిన నిప్పుతో దీపం వెలిగించి, అత్త కంటపడకుండా బుట్ట బోర్లిస్తుంది. నెల నిండిన రోజున ఆకాశం నించి విమానం దిగుతుంది. రేవులో ఉన్న అత్త అది తనకోసమే అనుకుంటుంది. అది ఆవిడ నెత్తి మీదుగా వెళ్లి పెరట్లో వాలి పోలిని ఎక్కించుకుంటుంది. అత్త పరుగెత్తుకొచ్చి పోలి కాళ్లు పట్టుకుంటుంది. పెద్దకోడలు అత్త కాళ్లు, రెండో కోడలు పెద్దకోడలి కాళ్లు, అలా అందరూ వేలాడుతుండగా విమానం మళ్లీ రేవు మీదికి లేస్తుంది.

ఇక్కడికొచ్చాక మా అత్తగారు కాసేపు ఆగేవారు. మమ్మల్ని ఒక్కొక్కరినీ చూసేవారు. "పోలి కిందికి చూళ్లేదు" అని మెల్లగా చెప్పి, అరచేత్తో నీళ్లని ఒక్కటిచ్చేవారు. దబ్. ముందు మెట్టు మీద ఉన్నవాళ్ల ముఖాలన్నీ తడిసిపోయేవి. అందరం పగలబడి నవ్వేవాళ్లం. "ఇంక వేసుకోండమ్మా అక్షింతలు" అనేవారు.

నేను కాపురానికొచ్చిన మొదటి ఏడు ఆవిడ నన్ను రేవుకి తీసుకెళ్లలేదు. "ఇంట్లో ఎవరో ఒకరుండాలి కదమ్మాయ్. పప్పు నానబోశాను, గారెలకి రుబ్బి పెట్టు" అని చెప్పి వెళ్లారు. తిరిగొచ్చాక, ఈసారి కథ ఎంత బాగా కుదిరిందో చూడమని మొదటి నించి నాకు మళ్లీ చెప్పారు. నేను పొత్రం తిప్పుతూ విన్నాను. "పాపం, ఒక్కదాన్నీ ఇంట్లో వదిలేసి వెళ్లిందమ్మా ఆ మహాతల్లి" అంటూ ఆవిడ కళ్లు తుడుచుకున్నారు. "అవునండి, పాపం" అన్నాను. నా వంక చూశారు, రోలు వంక చూశారు, పిండి ఇంకా మెత్తగా రావాలన్నారు. ఆ కథకీ నా రోలుకీ సంబంధం ఉందని ఆవిడకి తట్టనే లేదు.

కోపం పట్టలేక, "అంతమంది వేలాడుతుంటే పోలి చెయ్యి ఇవ్వొచ్చు కదండీ? విమానంలో చోటు లేకపోయిందా?" అనడిగాను.

"ఇస్తే ఇంక కథేముంది? దబ్‌మని పడాలి. పడితేనే కథ" అన్నారు ఆవిడ. ఆ తర్వాత ఏటా తీసుకెళ్లారు. ఏటా అడిగాను. ఏటా అత్త నీళ్లలో పడింది.

హైస్కూల్లో నాతోపాటు పనిచేసే వినీల కూడా ఆ కథకి వచ్చేది. చర్చికి వెళ్లే మనిషి కాబట్టి దీపం వదలదు, అక్షింతలు పట్టుకోదు. కథని మాత్రం వదలదు. ఫ్లాస్కులో టీ తెచ్చుకుని పై మెట్టు మీద కూర్చుంటుంది. తెలిసిన కథకి ఇంత చలిలో ఎందుకొస్తావని ఒకసారి అడిగితే నవ్వింది.

"ప్రతి క్రిస్మస్‌కీ మా పిల్లల చేత నాటకం వేయిస్తానండి. మరియమ్మ, యోసేపు వచ్చి సత్రం తలుపు కొడతారు. చోటు లేదంటాడు లోపలివాడు. ఆ డైలాగు రాసిచ్చింది నేనే. అయినా తలుపు కొట్టేటప్పుడల్లా, ఈసారైనా తీస్తాడేమోనని చూస్తాను" అంది.

ఆ మాట నాకు చాలాకాలం గుర్తుండిపోయింది.

కొన్నేళ్లుగా మా అత్తగారికి మతిమరుపు జబ్బు. ముందు పేర్లు పోయాయి, తర్వాత ముఖాలు పోయాయి. మా ఆయన హరిబాబు ఆవిడకి ఒక్కగానొక్క కొడుకు. ఆయన్ని చూసి "పాపం, ఆ కరెంటాయన పొద్దుణ్ణించీ నిలబడే ఉన్నాడు, మజ్జిగివ్వండి" అంటారు. ఆయన మజ్జిగ తాగి, గ్లాసు కడిగి పెట్టి, గదిలోకి వెళ్లి కూర్చుంటారు. ఇక నేనైతే రోజుకో మనిషిని. ఒకరోజు నర్సుని, ఒకరోజు పూలమ్మిని, ఒకరోజు పాలకొల్లు నించి వచ్చిన ఎవరో చుట్టాన్ని. అందరితోనూ ఎంతో మర్యాదగా మాట్లాడతారు. ఆ మర్యాదే నేను భరించలేకపోయాను. జీవితమంతా నన్ను సాధించిన మనిషి, "మీకు శ్రమ ఇస్తున్నానండి" అంటుంటే అక్కణ్ణించి లేచి వెళ్లిపోయేదాన్ని. నన్ను నన్నుగా గుర్తుపట్టి ఒక్కసారి తిడితే చాలు అనిపించేది. ఇంతకన్నా పెద్ద కోరికలు కోరుకున్న రోజులున్నాయి గానీ, ఇప్పుడు ఇదొక్కటే మిగిలింది.

ఒకనాడు స్టవ్ వెలిగించి మర్చిపోయారు. పక్కనే ఉన్న తువ్వాలు అంటుకుంది. నేను సమయానికి చూశాను కాబట్టి సరిపోయింది. ఆ రోజే అగ్గిపెట్టెలు, గ్యాస్ లైటరు, నూనె, నెయ్యి, దేవుడి గదిలో వత్తులు, అన్నీ చెక్క బీరువాలోకి చేర్చి తాళం వేశాను. తాళం చెవీ, వాడుకునే అగ్గిపెట్టే నా కొంగున ముడి వేసుకుంటాను. ఇంకోసారి ఒక్కరే రేవుకి వెళ్లి మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడ్డారు. అప్పటి నించి పెరటి గేటుకీ తాళమే.

అన్నీ పోయినా పోలి మాత్రం పోలేదు. సాయంత్రం దీపాలవేళ అయితే చాలు, కిటికీ తెరకో, కుర్చీకో, నాకో ఆ కథ చెప్పేవారు. అదే గొంతు, ఆగే చోట్లూ అవే. వంటింట్లో నేను పని ఆపేసి వినేదాన్ని. ఆ కాసేపు మా అత్తగారు ఇంట్లో ఉన్నట్టే ఉండేది. ఈ కార్తీకంలో దానికీ చెద పట్టింది. విమానం పెరట్లో దిగేదాకా బాగానే చెబుతారు. అక్కడ ఆగి, పైకి చూసి, "తర్వాత?" అంటారు.

"అత్త కాళ్లు పట్టుకుందండి" అని నేను అందించేదాన్ని.

"ఎవరి అత్త?"

"పోలి అత్తండి."

"పాపం" అని ఊరుకునేవారు. దబ్ అనేవారు కాదు. ఈ కథ కూడా పోతే ఇంక ఆ ఒంట్లో మా అత్తగారు అనే మనిషి మిగలరని నాకు భయం వేసింది. ఒక్కదాన్నీ కూర్చుని ఏడ్చాను కూడా. కరెంటాయన వచ్చి నా పక్కన కూర్చున్నారు.

నెలంతా ఆవిడది ఒకటే ప్రశ్న. "ఇవాళేనా పోలి?" "ఇంకా రాలేదండి." "రేపా?" "రేపు కూడా కాదండి." పాడ్యమి ముందు రోజు సాయంత్రం కూడా అలాగే చెప్పాను. తీసుకెళ్లకూడదని అప్పటికే తేల్చుకున్నాను. మెట్ల నిండా పాచి. కింది మెట్టు దాటితే లోతు. పడితే ఆ వయసులో తుంటి విరుగుతుంది, విరిగితే మళ్లీ లేవరు. రాజమండ్రి డాక్టరుగారు కూడా పడకుండా చూసుకోవడమే అసలు వైద్యం అన్నారు. నేను చేసింది తప్పని ఎవరూ అనలేరు, నాతో సహా.

తెల్లవారుజామున చప్పుడు కాకుండా లేచి స్నానం చేశాను. ఆవిడ అటు తిరిగి పడుకుని ఉన్నారు. ముందు గదిలో హరిబాబుగారు ఆస్ట్రేలియా క్రికెట్ మ్యాచ్ కోసం అప్పటికే ఫోను పట్టుకుని కూర్చున్నారు. "నేనున్నాను కదా, వెళ్లిరా" అన్నారు. దొప్పలూ పళ్లెం తీసుకుని, వీధి తలుపు నెమ్మదిగా దగ్గరికి లాగి వెళ్లిపోయాను.

ఆ రోజు మంచు ఎంతగా కురిసిందంటే అవతలి ఒడ్డు లేదు, గోదావరి అన్నదీ లేదు. మెట్లు దిగుతుంటే కాలికి నీళ్లు తగిలాక గానీ నది వచ్చిందని తెలియలేదు. ఎవరు ఎవరో గాజుల చప్పుడుని బట్టి పోల్చుకున్నాం. దీపాలు వెలిగించి దొప్పల్ని నీళ్ల మీద పెట్టి, చేత్తో అలల్ని ముమ్మారు తోశాం. అవి ఒకదాని వెనక ఒకటి కదిలి వెళ్లాయి. కాసేపటికి నీళ్లు కనపడకుండా పోయి దీపాలే మిగిలాయి, అవి నీళ్ల మీద వెళ్తున్నాయో గాలిలో వెళ్తున్నాయో చెప్పడం కష్టమైంది. నాకు ఒంట్లో బరువు లేనట్టు, ఎప్పుడో చిన్నప్పటి నిద్రలో నడుస్తున్నట్టు ఉంది. దూరంగా ఒక్క దీపం మాత్రం వెళ్లకుండా అక్కడక్కడే తిరుగుతోంది.

"చిన్నమ్మాయిగారు రాలేదేంటండి?" అని అచ్చిబాబు వాళ్లమ్మ అడిగింది. అచ్చిబాబు మాకు కొబ్బరికాయలు దింపుతాడు. వాళ్లమ్మ మా అత్తగారి కథలకి అందరికన్నా పాత శ్రోత.

"పాచి మెట్లు కదండీ."

"మరి కథో?"

అందరూ నావైపు తిరిగారు. నేను ఎప్పుడూ చెప్పలేదు. వినడం, వాదించడం తప్ప నాకు వేరే పాత్ర లేదు. అయినా అప్పటికే అందరి గుప్పిళ్లలోనూ అక్షింతలు ఉన్నాయి. ఎవరో ఒకరు చెప్పి వాటిని విడిపించాలి. సరేనని కూర్చుని మొదలుపెట్టాను.

"అనగనగా ఒక ఊళ్లో ఒక అత్తగారు. ఆవిడకి చాలామంది కోడళ్లు."

"ఎంతమందో రేపు పరీక్షలో వస్తుందాండి?" అని పై మెట్టు మీది నించి వినీల అంది. అందరూ నవ్వారు. నిజమే, సోషల్ పాఠం చెప్పినట్టే చెబుతున్నాను. సిగ్గేసి, కళ్లు మూసుకుని మా అత్తగారి గొంతు గుర్తు చేసుకున్నాను. అప్పుడు కొంచెం దారిలో పడింది. మాటలు వాటంతటవే రావడం మొదలుపెట్టాయి. నేను చెబుతున్నానన్న సంగతి కూడా మర్చిపోయాను.

"కార్తీకం వచ్చింది. అత్త అందర్నీ తీసుకుని రేవుకి బయల్దేరింది. పోలిని ఒక్కదాన్నీ ఇంట్లో ఉంచింది. ఉంచి ఊరుకుందా? దీపం పెట్టుకుంటుందేమోనని దూది దాచేసింది. వెన్న దాచేసింది. నిప్పు..."

కథ చెప్పేటప్పుడు ఎడమ చేత్తో కొంగు సర్దుకోవడం మా అత్తగారి అలవాటు. తెలియకుండానే నేనూ అదే చేశాను. చేతికి ముడి తగిలింది. ముడిలో తాళం చెవి, దాని పక్కన అగ్గిపెట్టె.

కథ అక్కడే ఆగింది.

"ఊఁ, తర్వాత?" అని ఎవరో అన్నారు. అచ్చం ఆవిడ అడిగినట్టే అన్నారు. నేను నీళ్లవైపు చూస్తూ ఉండిపోయాను. ఇన్నేళ్లూ ఆ కథలో నేను ఒక్క చోటే కూర్చుని ఉన్నాను, రోలు ముందు. ఆ చోటు ఎప్పుడు ఖాళీ చేశానో, అందులోకి ఆవిణ్ణి ఎప్పుడు కూర్చోబెట్టానో నాకే తెలియలేదు. పండగ ఇంకా రాలేదని అబద్ధం కూడా చెప్పి వచ్చాను. అంత పని పోలి అత్త కూడా చెయ్యలేదు.

అప్పుడే మంచు పైన ఎక్కడో చప్పుడు మొదలైంది. సముద్రంలో చమురు బావుల దగ్గరికి రాజమండ్రి నించి రోజూ వెళ్లే హెలికాప్టరే, కానీ ఆ తెల్లటి మసకలో దాని ఆకారం లేదు. ఒక వెలుగు, ఒక మోత, అంతే. అది రేవు మీదుగా, మా నెత్తి మీదుగా వచ్చి, ఊళ్లోకి తిరిగింది.

"అదిగోనమ్మా విమానం! ఈసారి ఎవరింటికో?" అని అచ్చిబాబు వాళ్లమ్మ వేళాకోళంగా అంది.

అది మా పెరటివైపే వెళ్లింది. నేను లేచి పరుగెత్తాను.

"కథ మధ్యలో ఎక్కడికండీ? మా గుప్పిళ్లు!" అని వెనక కేకలు. ఆగలేదు. తడి చీర కాళ్లకి చుట్టుకుంటోంది. కుడి గుప్పిట మూసే ఉంది, ఎంత కంగారులోనూ దాన్ని విప్పాలని తోచలేదు. వెనక చాలా జతల కాళ్లు వస్తున్న చప్పుడు వినిపించింది. అక్షింతలు కింద పెట్టలేరు, నెత్తిన వేసుకోలేరు. పాపం, వాళ్లు మాత్రం ఏం చేస్తారు, రేవు రేవంతా గుప్పిళ్లు బిగించుకుని నా వెనక పరుగెత్తుకొచ్చింది.

ఇంట్లో హరిబాబుగారు ఫోనులోంచి తలెత్తి, "అప్పుడే అయిపోయిందా?" అన్నారు. మంచం ఖాళీగా ఉంది. దిండు కుట్టు విప్పి ఉంది, బూరుగు దూది నేల మీద పడి ఉంది. వంటింటి సింకులో రాత్రి నేను వెన్న తీసి వదిలేసిన మిక్సీ జారు బోర్లా పడి ఉంది. దాని బ్లేడు శుభ్రంగా గీకేసి ఉంది. పెరటి తలుపు బార్లా తీసి ఉంది.

పెరట్లో బట్టలుతుక్కునే చప్టా అంచున ఆవిడ కూర్చున్నారు. తలారా స్నానం చేశారు, జుట్టు నించి నీళ్లు కారుతున్నాయి. నైటీ మీదే పెళ్లినాటి పట్టుచీర చుట్టుకున్నారు. కాళ్లు కిందికి వేలాడుతున్నాయి. పక్కన కూరగాయల వెదురు బుట్ట బోర్లించి ఉంది. చుట్టూ మంచు, పైన ఎక్కడో దూరమైపోతున్న మోత. ఆవిడ ముఖం పైకెత్తి ఉంది. అంత ప్రశాంతంగా ఆవిణ్ణి నేను ఎన్నడూ చూడలేదు.

"చప్పుడు చెయ్యకండి. అదిగో, వచ్చేసింది" అన్నారు నన్ను చూడకుండానే. "బుట్ట ఎత్తకండి, దీపం ఉంది. అత్తగారొస్తే కోప్పడతారు."

నేను వెనకనించి వెళ్లి బుట్ట అంచు కొంచెం పైకెత్తాను. తులసికోట దగ్గర మిగిలిపోయిన పాత ప్రమిద. అందులో చిన్న వెన్నముద్ద, మధ్యలో ఒద్దికగా చేసిన వత్తి. వెలగలేదు. ఎలా వెలుగుతుంది? నిప్పు నా కొంగున ఉంది.

ఒక్క చేత్తో ముడి విప్పడం చాతకాలేదు. వెనక ఉన్నవాళ్లందరి చేతుల్లోనూ అక్షింతలే. ఖాళీ చేతులు వినీలవి మాత్రమే. తను ఏమీ అడక్కుండా వచ్చి, ముడి విప్పి, అగ్గిపెట్టె తీసి గట్టిగా పట్టుకుంది. నేను ఎడమ చేత్తో పుల్ల గీశాను. రెండు పుల్లలు ఆరిపోయి మూడోది నిలిచింది. వత్తి అంటుకుంది. బుట్ట మళ్లీ బోర్లించాను. వెదురు సందుల్లోంచి వెలుగు సన్నగా చప్టా మీద పడింది.

ఆవిడ అటు చూసి నవ్వారు. "నెలంతా వెలుగుతూనే ఉందండి, ఎవరికీ తెలియదు" అన్నారు.

చప్టా కింద కూలబడి, మూసిన గుప్పిటతోనే ఆవిడ కాళ్లు పట్టుకున్నాను. చల్లగా, బురద బురదగా ఉన్నాయి. వాటి మీద తల పెట్టి ఏడ్చాను. పెరటి నిండా ఆడవాళ్లు. ఒక్కరూ కదల్లేదు. ఈ చోటు తర్వాత ఏమొస్తుందో మా అందరికీ తెలుసు.

పోలి కిందికి చూళ్లేదని ఏళ్ల తరబడి చెప్పిన మనిషి కిందికి చూశారు.

"ఎవరండీ?"

నా పేరు చెబుదామనుకున్నాను. చెప్పినా ఆ పేరు ఎవరిదో ఆవిడకి తెలియదు. "అత్తనండి" అన్నాను.

"అయ్యో, మీరా అత్తయ్యగారూ."

"అగ్గిపెట్టె దాచింది నేనేనండి."

"తెలుసండి" అన్నారు ఆవిడ. ఒక్క క్షణం ఆకాశం వంక చూసి, మళ్లీ నా వంక చూశారు. ముఖంలో ఏదో ఆదుర్దా. వంగి, నా భుజం తట్టారు. "కాళ్లు పట్టుకోకండి, జారిపోతారు. చెయ్యివ్వండి."

చెయ్యి చాచి నిలిపారు. నేను నా గుప్పిట వంక చూసుకున్నాను. కథ పూర్తి కాకుండా విప్పకూడదు. వెనక్కి తిరిగి అచ్చిబాబు వాళ్లమ్మ వంక చూశాను. ఆవిడ కళ్ల నిండా నీళ్లు పెట్టుకుని, అవునన్నట్టు తలూపింది. గుప్పిట విప్పి చెయ్యి ఇచ్చాను. చెమటకి అరచేతికి అంటుకుపోయిన పసుపు బియ్యం మా ఇద్దరి చేతుల మధ్యా నలిగింది. వెనక నించి అక్షింతలన్నీ ఒక్కసారిగా మా మీద పడ్డాయి. ఎవరి నెత్తిన వాళ్లు వేసుకోవలసినవి, అందరూ మర్చిపోయారు.

ఈ గోలకి హరిబాబుగారు ఫోను పట్టుకునే పెరట్లోకి వచ్చారు. ఆవిడ ఆయన్ని పరకాయించి చూసి, "ఆ కరెంటాయన్ని కూడా ఎక్కమనండి. చాలా చోటుంది" అన్నారు. ఆయన వచ్చి చప్టా మీద వాళ్లమ్మ పక్కన కూర్చున్నారు.

ఆ సాయంత్రం దీపాలవేళ ఆవిడకి గిన్నెలో పాలన్నం కలిపి తినిపిస్తున్నాను. పొద్దున జరిగింది ఏదీ ఆవిడకి గుర్తులేదు. జుట్టులో మాత్రం ఇంకా రెండు పసుపు గింజలు చిక్కుకుని ఉన్నాయి.

"పోలి ఎప్పుడండీ?" అని అడిగారు.

"ఇవాళేనండి. అయిపోయింది." ఇంక అబద్ధం చెప్పదలుచుకోలేదు.

"అత్త పడిపోయిందా?"

"లేదండి. పోలి చెయ్యిచ్చి పైకి లాగింది. అందరూ వెళ్లిపోయారు."

ఆవిడ నమలడం ఆపేశారు. కనుబొమలు ముడిపడ్డాయి. నన్ను పై నించి కిందికి చూశారు. ఆ చూపు నేను చూసి ఎంతకాలమైందో. చెంచా పట్టుకున్న నా చెయ్యి గాలిలోనే ఉండిపోయింది.

"ఎవరు చెప్పారు నీకలాగ? చెయ్యిస్తే ఇంక కథేముంది? దబ్‌మని పడాలి." గిన్నెలోని పాలన్నాన్ని అరచేత్తో ఒక్కటిచ్చారు. నా ముఖమంతా చిందింది. "కాపురానికొచ్చిన ఏడు కూడా రోలు ముందు కూచుని ఇదే అడిగావు. నీకు మొదటి నించీ బుద్ధి లేదు సత్యా."

ముఖం తుడుచుకోలేదు. గిన్నె కింద పెట్టి, ఆవిడ కాళ్ల దగ్గర నేల మీద కూర్చున్నాను.

"తప్పయిందండి అత్తయ్యగారూ. మొదటి నించి చెప్పండి, వింటాను" అన్నాను.